క్వాలిటేటివ్ స్టడీలని కలిపి చదవడాన్ని తెలుగులో ఏమందాం? "సమన్వయం" సరిపోతుందా?

అందరికీ నమస్కారమండీ. పబ్లిక్ హెల్త్ చదివేవాళ్ల కోసం తెలుగులో నోట్స్ రాస్తున్నాను. ఎక్కువమంది ఏఎన్ఎమ్‌లుగా, స్టాఫ్ నర్సులుగా డ్యూటీలు చేసుకుంటూ చదివేవాళ్లే, ఇంగ్లీషు పేపర్లు చదవగలరు గానీ తెలుగులో ఒక్కసారి విప్పి చెప్తే ఇక మర్చిపోరు. ఇప్పుడు రాస్తున్న చాప్టర్ క్వాలిటేటివ్ రీసెర్చ్ మీద, అంటే అంకెలతో కాకుండా ఇంటర్వ్యూల్లాంటి వాటిల్లో మనుషులు చెప్పుకున్న మాటలతో చేసే పరిశోధన మీద, చేసే సిస్టమేటిక్ రివ్యూల గురించి. దీన్ని "గుణాత్మక పరిశోధనల క్రమబద్ధ సమీక్ష" అంటున్నారు. క్రమబద్ధ సమీక్షతో నాకు పేచీ లేదు, ముందే ప్రశ్న రాసుకుని, ఎక్కడెక్కడ వెతికామో, ఏవి తీసుకున్నామో, ఏవి ఎందుకు వదిలేశామో అన్నీ బయటపెట్టి చేసే సమీక్ష కాబట్టి ఆ మాట అతుకుతుంది.

"గుణాత్మక" దగ్గరే ఇబ్బంది. పేపర్లో రోజూ "గుణాత్మక విద్య" అని చదువుతాం, అక్కడ దానర్థం నాణ్యమైన చదువు అని. దాంతో గుణాత్మక పరిశోధన అనగానే మంచి పరిశోధన కాబోలు అనుకుంటున్నారు, అయితే లెక్కలతో చేసేది నాసిరకమా మేడమ్ అని క్లాసులో అడిగారు కూడా. అది చాలా సరైన ప్రశ్న, మాట అలా ఉంది మరి. ఇక ఆ స్టడీలన్నిటినీ కలిపి చదివి అర్థం తేల్చే పనిని సింథసిస్ అంటారు, దానికి "సంశ్లేషణ" అని నిఘంటువుల్లో ఉంది, అది వినగానే కెమిస్ట్రీ ల్యాబ్ గుర్తొస్తుంది. రెండు పదార్థాలు కలిసి మూడోది తయారయ్యాక మొదటి రెండూ కనపడవు. మనుషుల మాటల్ని అలా కరిగించేస్తే ఈ పని మొత్తం వృథా.

అందుకని నేను "సమన్వయం" అని రాద్దామనుకుంటున్నా. భాష బాగా తెలిసినవాళ్లు చెప్పండి, ఒప్పుకుంటుందా?

---

తెనాలి నుంచి, రిటైర్డ్ తెలుగు లెక్చరర్:

అమ్మా, మంచి మాట పట్టుకున్నావు. సంశ్లేషణలో ఉన్నది శ్లిష్ ధాతువు, అంటుకోవడం, కౌగిలించుకోవడం, శ్లేషాలంకారంలో ఉన్నదీ అదే. సమన్వయంలో ఉన్నది అన్వయం, అంటే ఒకదాని వెంట ఒకటి నడవడం. పద్యం చెప్పేటప్పుడు పిల్లలకి అన్వయక్రమం చెప్పేవాళ్లం గుర్తుందా, పద్యంలో పదాలు ఎక్కడెక్కడో ఉంటాయి, ఏది దేనితో కలుస్తుందో చూపిస్తాం, ఒక్క పదం కూడా పారేయం, కొత్తది చేర్చం. బ్రహ్మసూత్రాల్లో నాలుగో సూత్రమే "తత్తు సమన్వయాత్". ఉపనిషత్తులు ఒక్కొక్కటి ఒక్కోరకంగా మాట్లాడుతుంటే అవన్నీ ఏ అర్థం వైపు నడుస్తున్నాయో చూపించడమే అక్కడ పని. మొదటి అధ్యాయం పేరు సమన్వయాధ్యాయం, రెండోదాని పేరు అవిరోధాధ్యాయం. కలిసేవి చూపించడంతో సరిపోదు, ఎదురొచ్చేవాటికి కూడా సమాధానం చెప్పాలని అప్పుడే పెట్టుకున్నారు.

ఇంకొకటి, మన మెదక్ వైపు కొల్చారానికి చెందిన మల్లినాథసూరి రఘువంశ వ్యాఖ్యానం మొదట్లో ఈ మాట అన్నాడు:

ఇహాన్వయముఖేనైవ సర్వం వ్యాఖ్యాయతే మయా
నామూలం లిఖ్యతే కించిన్నానపేక్షితముచ్యతే

ఇక్కడ అంతా అన్వయం ద్వారానే వివరిస్తున్నాను, మూలంలో లేనిది ఏదీ రాయను, అక్కర్లేనిది చెప్పను అని. నువ్వు చెప్పే సమీక్ష పద్ధతికి ఇది సరిపోతుందేమో చూడు.

---

కరీంనగర్ నుంచి:

అక్కా, నాకైతే సమన్వయం అంటే సమన్వయ కమిటీనే యాదికొస్తది, పార్టీలల్ల పంచాయితీ అయితే ఏస్తరు గదా. అందరిని ఒప్పించి ఒక్క మాట మీదికి తెచ్చుడు అన్నట్టు వినవడ్తది. ఇంకో అనుమానం, తప్పుగ అనుకోకుండ్రి. పది స్టడీలు ఉన్నయనుకో, ఏడింట్ల ఇట్లన్నరు మూడింట్ల అట్లన్నరు అని లెక్కజెప్తే అయిపోతది గదా, దీనికి మల్ల సపరేట్ పద్ధతి ఎందుకు?

---

మొదట అడిగినవారు:

మాస్టారూ, ఆ శ్లోకం నోట్స్‌లో మొదటి పేజీలో పెడతాను, చాలా చాలా థాంక్సండీ. "మూలంలో లేనిది రాయను" అన్నది ఈ పని చేసేవాళ్లందరూ గోడ మీద రాసిపెట్టుకోవాల్సిన మాట.

తమ్ముడూ, నువ్వడిగినదాన్ని ఓట్ కౌంటింగ్ అంటారు, ఇక్కడ అది ఎందుకు కుదరదో చెప్తా. ఊరికే ఉదాహరణకి అనుకుందాం, టీబీ మందులు మధ్యలో ఎందుకు మానేస్తున్నారో తెలుసుకోవాలని మూడు చోట్ల మూడు స్టడీలు చేశారు. ఒకదాంట్లో "మందులు వేడి చేస్తున్నాయి" అన్నారు, ఇంకోదాంట్లో "ఖాళీ కడుపున మింగితే తిప్పేస్తోంది, పొద్దున్నే ఇంట్లో ఏముంటుంది తినడానికి" అన్నారు, మూడోదాంట్లో "మింగిన రోజు కూలికి పోలేకపోతున్నా" అన్నారు. లెక్కేస్తే ఏముంది, సైడ్ ఎఫెక్టులు మూడుకి మూడు, అయిపోయింది. కానీ పక్కపక్కన పెట్టి చదివితే వేరే సంగతి కనపడుతుంది. వాళ్లు మందుని తిండితో, రోజు కూలితో తూచి చూసుకుంటున్నారు, మతిమరుపో అజ్ఞానమో కాదు అది. ఈ మాట మూడు స్టడీల్లో ఏ ఒక్కదాంట్లోనూ ఇలా ఉండకపోవచ్చు, మూడూ కలిస్తేనే వస్తుంది, కానీ మూడిట్లోనూ దానికి మూలం ఉంది. అచ్చం మాస్టారు చెప్పిన అన్వయమే.

నిజంగా టీబీ మీద ఇలాంటి రివ్యూ ఒకటి 2007లో ప్లాస్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చింది, 44 క్వాలిటేటివ్ స్టడీలు చదివారు. మందులు సరిగ్గా వాడకపోవడం రోగి స్వభావం ఒక్కదానితో తేలే విషయం కాదని, చికిత్స ఇచ్చే ఏర్పాటు, డబ్బు భారం, జబ్బుని వాళ్లు అర్థం చేసుకున్న తీరు, ఇంట్లో ఊళ్లో ఆసరా, ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని చూపించారు. ఎంతమంది మానేశారో అంకెలు చెప్తాయి, ఎందుకు మానేశారో ఇది చెప్తుంది, రెండూ కావాలి.

ఇలాంటి రివ్యూలో మూడు అంతస్తులు ఉంటాయి. పేషెంటు అన్న మాట మొదటిది. దాని మీద ఆ స్టడీ రాసినవాళ్లు చేసిన వ్యాఖ్య రెండోది. ఆ వ్యాఖ్యలన్నీ చదివి రివ్యూ చేసేవాళ్లు రాసే వ్యాఖ్య మూడోది. చాలామంది మూడోదాకా రాకుండా రెండోదాన్నే జాబితాలుగా ఎత్తిరాసి రివ్యూ అయిపోయిందంటారు, నాకు బాధ కలిగేది అక్కడే. అంతమంది గంటలు గంటలు కూర్చుని చెప్పుకున్న విషయాలు "అవరోధాలు, అనుకూలతలు" అని రెండు కాలమ్స్ టేబుల్‌గా మిగిలిపోతాయి.

---

మొదట అడిగినవారు (పైదానికి కొనసాగింపు, పెద్దదైపోయింది):

పద్ధతుల సంగతి. అన్నిటికంటే ఎక్కువగా వినపడేది మెటా ఎథ్నోగ్రఫీ, 1988లో నాబ్లిట్, హేర్ అనే ఇద్దరు అమెరికాలో పెట్టారు. వాళ్లది వైద్యం కాదు, విద్యారంగం. నల్లపిల్లల్ని తెల్లపిల్లల్ని ఒకే బడిలో చదివించడం గురించి వేర్వేరు బడుల్లో చేసిన స్టడీలని కలపబోతే, పైపైన అన్నిట్లో కామన్‌గా ఉన్నవి ఏరేసరికి ఒక్కో బడి కథ మాయమైపోయింది. అప్పుడు వాళ్లన్నది ఏంటంటే స్టడీలని కూడొద్దు, ఒకదాన్ని ఇంకోదానిలోకి "ట్రాన్స్‌లేట్" చెయ్యండి అని. ఇది భాషల మధ్య అనువాదం కాదు. ఈ స్టడీలో వాడిన భావంతో ఆ స్టడీని చెప్పి చూడటం, ఆ భావంతో దీన్ని చెప్పి చూడటం, ఎక్కడ సరిపోతుందో ఎక్కడ జారిపోతుందో గమనించడం. అందుకే ఇక్కడ "అనువాదం" అని రాస్తే మా క్లాసువాళ్లు ఖచ్చితంగా తప్పుగా అర్థం చేసుకుంటారు, "పరస్పర అన్వయం" అంటే పట్టుకుంటారు అనిపిస్తోంది.

స్టడీలు ఒకే విషయం గురించి మాట్లాడుతుంటే పరస్పర అన్వయం. ఒకదాన్ని ఇంకోటి ఖండిస్తుంటే రిఫ్యుటేషనల్. ఒక్కోటీ ఒక్కో ముక్క చెప్తుంటే అన్నీ కలిపి పెద్ద వాదం కట్టడం లైన్ ఆఫ్ ఆర్గ్యుమెంట్. మూడోదానికి మంచి ఉదాహరణ 2005లో మందుల వాడకం మీద 37 స్టడీలతో చేసిన రివ్యూ. డాక్టర్ చెప్పినట్టు వాడటం, వాడకపోవడం అని అప్పటిదాకా అనుకుంటుంటే, జనం మందుల గురించే భయపడుతున్నారు, వీలైనంత తక్కువ వేసుకోవడానికి చూస్తున్నారు, అది ఒకరకం ప్రతిఘటన అని తేల్చారు. చదివాక పేషెంటుతో మాట్లాడే తీరే మారిపోతుంది.

ఇంకోటి థీమాటిక్ సింథసిస్, 2008లో లండన్ నుంచి వచ్చింది, పిల్లలు ఆరోగ్యకరమైన తిండి గురించి ఏమనుకుంటారు అన్న రివ్యూ చేస్తూ పద్ధతిని వివరించారు. లైన్ లైన్‌కి కోడ్ (అందులోని విషయం చెప్పే చిన్న పేరు) పెట్టి, వాటిని స్టడీల్లో ఉన్నదే చెప్పే వర్ణన థీములుగా కట్టి, ఆ తర్వాత వాటిని దాటి మన ప్రశ్నకి జవాబు చెప్పే విశ్లేషణ థీముల్లోకి వెళ్లాలి. కొత్తవాళ్లకి ఇదే సులువు. ఆస్ట్రేలియాలో అడిలైడ్‌లోని జేబీఐ అనే పరిశోధన సంస్థ వాళ్ల మెటా అగ్రిగేషన్‌లో మాత్రం స్టడీ రాసినవాళ్లు చెప్పిన ఫైండింగులని మార్చకుండా గుంపులుగా కడతారు, రేపు వార్డులో అమలు చేసే సలహా కావాలంటే అది బాగుంటుంది. ఏది గొప్ప అని కాదు, నీ ప్రశ్న ఏంటో, దొరికిన స్టడీలు ఎంత లోతుగా ఉన్నాయో దాన్ని బట్టి ఎంచుకోవాలి. పల్చటి స్టడీలు ఇరవై పెట్టుకుని మెటా ఎథ్నోగ్రఫీ చేస్తాననకూడదు.

---

విశాఖ నుంచి, లైబ్రరీలో పనిచేసేవారు:

మేడమ్, వెతకడం గురించి కూడా ఒక పేజీ రాయండి, అందరూ దాన్నే దాటేస్తారు. ఈ స్టడీల టైటిల్స్ చాలావరకు పేషెంటు అన్న వాక్యంతో మొదలవుతాయి, దాంట్లో జబ్బు పేరు ఉండదు, పద్ధతి పేరు ఉండదు, సెర్చ్‌లో కీవర్డ్ కొడితే దొరకదు. వైద్యంలో చికిత్సల గురించి ప్రశ్నల కోసం తయారుచేసిన పికో అనే వెతుకుడు చట్రంతో రోగి, చికిత్స, పోలిక, ఫలితం అని వెతికితే ఇక్కడ పని సరిగ్గా జరగదు, 2012లో స్పైడర్ అని వేరే పద్ధతి వచ్చింది, ఎవరు, ఏ అనుభవం, ఏ డిజైన్, ఏం పరిశీలించారు, ఏ రకం పరిశోధన అని ఐదు వైపుల నుంచి వెతకాలి. దానికి తోడు రిఫరెన్స్ లిస్టులు చేత్తో తిరగెయ్యాలి. మనదేశం విషయమైతే శోధగంగలో (మన యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్) థీసిస్‌లు చూడకుండా "స్టడీలు లేవు" అని దయచేసి రాయొద్దని చెప్పండి.

---

లండన్ నుంచి:

అక్కా నమస్తే, ఇక్కడ ఇలాంటి రివ్యూల్లోనే పనిచేస్తున్నా. నాకు ఎప్పుడూ మనసులో ఉండేది చెప్తా. ఇండియా నుంచి వచ్చే స్టడీల్లో ఇంటర్వ్యూ తెలుగులో జరుగుతుంది, పేపర్లో క్వోట్ ఇంగ్లీషులో ఉంటుంది. బాలింత "బెంగగా ఉంటోంది" అని ఉంటుంది, పేపర్లోకి వచ్చేసరికి అది యాంగ్జైటీ అయిపోతుంది. బెంగలో పుట్టింటి మీద మనసు లాగడం ఉంది, ఎవరో దగ్గర లేకపోవడం ఉంది, యాంగ్జైటీలో అవేవీ లేవు. రివ్యూ చేసేవాళ్లు చూసేది ఇంగ్లీషు మాటే కాబట్టి దాన్ని మానసిక సమస్యల కోడ్‌లో వేసేస్తారు. మొదటి అంతస్తే కదిలిపోతే మూడో అంతస్తు ఎలా నిలబడుతుంది? తెలుగు వచ్చినవాళ్లు ఒక్కరైనా టీమ్‌లో ఉండాలని, స్టడీ రాసేవాళ్లు మూలభాష మాటని కూడా పేపర్లో ఉంచాలని గట్టిగా రాయండి.

---

మొదట అడిగినవారు:

ఎంత మంచి మాట చెప్పావు తల్లీ, బెంగ ఉదాహరణ వాడుకుంటాను. లైబ్రరీవారు చెప్పింది కూడా పూర్తిగా చేరుస్తాను.

దీనికే ఇంకో ముక్క. రివ్యూలో తేలిన ఒక్కో విషయాన్ని ఎంత నమ్మొచ్చో చెప్పడానికి గ్రేడ్ సెర్‌క్వల్ అని ఉంది, 2015లో ప్లాస్ మెడిసిన్‌లో వివరించారు. నాలుగు చూస్తారు: స్టడీలు చేసిన తీరులో లోపాలు, స్టడీల్లో ఉన్నదానికీ తేల్చినదానికీ పొందిక, సమాచారం సరిపడా ఉందా, మన ప్రశ్నకి ఆ స్టడీల సందర్భం వర్తిస్తుందా. దాన్ని బట్టి నమ్మకం ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, బాగా తక్కువ అని రాస్తారు. ఇది మొత్తం రివ్యూకి ఇచ్చే మార్కు కాదు, ఒక్కో ఫైండింగ్‌కి విడివిడిగా ఇస్తారు. మల్లినాథుడి మాటని ఇక్కడ పరీక్షగా పెట్టొచ్చు మాస్టారూ, అమూలంగా ఏమన్నా రాశామా అని.

తమ్ముడూ, సమన్వయ కమిటీ అన్నావు కదా, ఆ భయం నాకూ ఉంది. ఎదురు చెప్పిన ఒక్క స్టడీని అందరితో ఒప్పించి పక్కన కూర్చోబెట్టేస్తే అది సమన్వయం కాదు, చెరిపెయ్యడం. 2013లో కాక్రేన్‌లో (వైద్య పరిశోధనలని సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) వచ్చిన మొదటి క్వాలిటేటివ్ రివ్యూ మన ఆశా వర్కర్ల లాంటివాళ్ల గురించి, 53 స్టడీలు. తమలాంటి మనిషే ఇంటికొచ్చి మాట్లాడటం తల్లులకి నచ్చింది అని ఉంది, మన విషయాలు బయటికి పోతాయేమో అన్న భయం కూడా ఉంది. రెండిట్లో ఒకటి తీసేస్తే రివ్యూ పాడవుతుంది. ఒకే ఊరి మనిషి కావడం వల్లే ఆ దగ్గరితనం, దానివల్లే ఆ భయం.

---

తెనాలి నుంచి:

అయితే రిఫ్యుటేషనల్‌కి "ఖండన" వద్దమ్మా. "పూర్వపక్షం" కూడా వద్దు, దాన్ని పెట్టేదే తర్వాత కొట్టెయ్యడానికి. "విరుద్ధాన్వయం" అను, విరోధం విరోధంగానే ఉంటుంది, అన్వయం మాత్రం చూపిస్తాం. లైన్ ఆఫ్ ఆర్గ్యుమెంట్‌కి "వాదసరణి" పెట్టి చూడు.

---

కరీంనగర్ నుంచి:

ఇట్ల జెప్తే మంచిగ సమజైంది అక్కా. సమన్వయం ఓకే నాకు. కానీ "గుణాత్మక" సంగతి తేల్చలే నువ్వు.

---

మొదట అడిగినవారు:

అవును తమ్ముడూ, అది తేలలేదు. "అనుభవాధారిత" అంటే ఎంపిరికల్ అనుకుంటారు, "కథన పరిశోధన" అంటే నెరేటివ్ రీసెర్చ్ ఒక్కటే అనుకుంటారు. ప్రస్తుతానికి "క్వాలిటేటివ్" అన్న ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో రాసి, "క్వాలిటేటివ్ పరిశోధనల సమన్వయ సమీక్ష" అని పెడుతున్నాను. ఎవరికైనా మంచి మాట తడితే కింద రాయండి, పరస్పర అన్వయం, విరుద్ధాన్వయం, వాదసరణి మూడూ ఇప్పుడే చాప్టర్‌లోకి ఎక్కిస్తున్నా.