లాసైన్ పరీక్షలో థయోయూరియాకు నీలం బదులు ఎరుపు వస్తోంది: సోడియం ఎంత తీసుకోవాలి?

డిగ్రీ విద్యార్థులకు లాసైన్ పరీక్ష (సేంద్రియ పదార్థాన్ని సోడియంతో కాల్చి, అందులోని నైట్రోజన్, సల్ఫర్ వంటి మూలకాలను గుర్తించే పరీక్ష) చేయించేటప్పుడు ఎదురైన ఒక చిక్కుపై అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను. శనగబద్దంత సోడియం ముక్కతో అనిలిన్‌ను కలిపి కాల్చి, ఎర్రగా కాగిన గొట్టాన్ని స్వేదనజలంలో ముంచి, వడపోసిన ద్రవంలో ఫెర్రస్ సల్ఫేటు వేసి మరిగించి, చల్లార్చి సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే నైట్రోజన్ ఉందని తెలిపే చక్కటి ప్రష్యన్ నీలం (ముదురు నీలం రంగు) వస్తోంది. థయోయూరియాకు మాత్రం నెత్తురులాంటి ఎరుపే కనబడుతోంది. అందులో నైట్రోజన్, సల్ఫర్ రెండూ ఉన్నందున సోడియం థయోసయనేటు ఏర్పడి ఇనుముతో ఈ ఎరుపు ఇస్తుందనీ, సోడియం ఎక్కువైతే అది నీలం రంగుకు కారణమయ్యే సయనైడు, సల్ఫైడులుగా విడిపోతుందనీ తెలుసు. కానీ ముక్కను పెద్దది చేస్తే, నీటిలో ముంచేటప్పుడు పిల్లలకు ప్రమాదం జరుగుతుందేమోనని నిజంగా భయంగా ఉంది. ముక్కను అంతే ఉంచి పదార్థాన్ని తగ్గిస్తే సరిపోతుందా? మీరు ఏ పాళ్లలో తీసుకుంటున్నారో, ఎంతసేపు కాలుస్తున్నారో దయచేసి వివరించగలరు.