1973లో వియత్నాం శాంతి పర్యవేక్షణకు కెనడా వెళ్లాల్సిందా?

(రాజీపత్రం, తటస్థుడు, నాలుగోవ్యక్తి అనేవి చర్చలో పాల్గొన్నవారి మారుపేర్లు.)

చర్చాంశం: 1973 జనవరి 27న పారిస్‌లో వియత్నాం యుద్ధాన్ని ఆపేందుకు అమెరికా, ఉత్తర వియత్నాం, దక్షిణ వియత్నాం, దక్షిణాదిలోని తిరుగుబాటు (వియత్‌కాంగ్) ప్రభుత్వం అనే నాలుగు పక్షాల మధ్య ఒప్పందం కుదిరింది. దాని అమలును చూసేందుకు కెనడా, హంగరీ, ఇండోనేషియా, పోలండ్‌లతో కమిషన్ వేశారు. 60 రోజులు చూసి, ఉంటామో లేదో చెబుతామని వెళ్లిన కెనడా, జులై 31 కల్లా తప్పుకుంది.

రాజీపత్రం: వెళ్లకుండా ఉండాల్సింది. కమిషన్ నివేదిక ఇవ్వాలంటే నలుగురూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా భిన్నాభిప్రాయాలను ఒప్పందపక్షాలకు పంపుతారంతే, దానికి నివేదిక హోదా లేదు. కమ్యూనిస్టు దేశాలైన హంగరీ, పోలండ్‌లు హనోయ్ (ఉత్తర వియత్నాం) వైపే మొగ్గుతాయని తెలిసీ సంతకం పెట్టడమేమిటి? వియత్నాం కోసమే వేసిన 1954 నాటి పర్యవేక్షణ కమిషన్ ఇంతకంటే నయం. భారత్ అధ్యక్షత, కెనడా, పోలండ్ సభ్యులు. 1962లో పోలండ్ ఒప్పుకోకపోయినా భారత్, కెనడా కలిసి ప్రత్యేక నివేదిక ఇవ్వగలిగాయి. 1973లో ఆ దారి కూడా మూసేశారు.

నాలుగోవ్యక్తి: ఖర్చెవరిది?

రాజీపత్రం: నాలుగు ఒప్పందపక్షాలకూ తలా 23 శాతం, సభ్యదేశాలకు తలా 2 శాతం. మనుషులు దేశానికి 290 చొప్పున 1,160. డబ్బు పెద్ద సమస్య కాదు.

తటస్థుడు: రాజీపత్రం గారూ, నిబంధన గురించి మీరన్నది నిజమే. కానీ ఆ 60 రోజుల్లోనే అమెరికా సైన్యం వెళ్లిపోవాలి, యుద్ధఖైదీలు విడుదల కావాలి. ఆ రెండూ జరిగాయి. కెనడా వెళ్లనంటే కమిషన్ ఏర్పాటే ఆలస్యమయ్యేది. పైగా, నివేదిక రాకపోతే విలేకరులకే చెప్పేస్తామని కెనడా బృందం బాహాటంగా నోరు విప్పింది. గడువు పెట్టుకుని వెళ్లింది కాబట్టే అంత ధైర్యం.

రాజీపత్రం: నోరు విప్పితే ఒరిగిందేమిటి? బృందం ఎక్కడికి కదలాలన్నా, ఆ నేల ఎవరి చేతిలో ఉంటే వాళ్ల సహకారం కావాలి. అది దొరక్కపోతే దర్యాప్తు కాగితం మీదే ఆగిపోతుంది. ఏప్రిల్ 7న కమిషన్ హెలికాప్టర్‌ను కూల్చేశారు, చనిపోయినవాళ్లలో కెనడా అధికారి ఒకరు.

తటస్థుడు: ప్రమాదాన్ని నేను తక్కువ చేయడం లేదు. అసలు లోపం ఇంకోచోట ఉంది: నివేదిక అందుకుని చర్య తీసుకునే శాశ్వత వేదిక లేదు. కెనడా విదేశాంగ మంత్రి మిచెల్ షార్ప్ మొదటినుంచీ అడిగింది అదే. మార్చి 2న 12 పక్షాలు పారిస్‌లో వియత్నాంపై అంతర్జాతీయ సమావేశంలో సంతకం చేసిన పత్రం ప్రకారం, ఆ సమావేశం మళ్లీ జరగాలంటే అమెరికా, ఉత్తర వియత్నాం కలిసి అడగాలి, లేదా కనీసం ఆరు పక్షాలు అడగాలి. ఆ ఆరుగుర్ని పోగుచేసేదెవరు?

నాలుగోవ్యక్తి: అంటే మార్చిలోనే వెనక్కి రావాల్సింది, జులై దాకా ఎందుకు?

తటస్థుడు: మార్చి చివర్లో మే 31 దాకా పొడిగించారు. అప్పటికి యుద్ధఖైదీల విడుదల చాలావరకు పూర్తయిపోతోంది కాబట్టి ఆ పొడిగింపును నేనూ సమర్థించను. మే చివర్లో తప్పుకుంటామని చెప్పి, బదులు దేశాన్ని వెతకడానికి రెండు నెలలిచ్చారు. ఇరాన్ వచ్చింది. ఏకగ్రీవ నిబంధన మాత్రం అలాగే ఉండిపోయింది.