బెడ్‌రూమ్ గోడంతా కర్టెన్ గుడ్డ వేస్తే బాగుంటుందా? ఓనరమ్మ మేకులు కొట్టొద్దంటోంది

బైరాగిపట్టెడ అద్దెయిల్లు:
మాది తిరుపతిలో అద్దె ఇల్లు, మొదటి అంతస్తు. మంచం తలవైపు గోడ 11 అడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు. కిటికీ లేదు, అలమర లేదు, బోసిగా ఉంది. పాత క్రీమ్ రంగు డిస్టెంపర్, వీపు ఆనిస్తే చొక్కాకు పొడి అంటుకుంటుంది. రంగు వేయించమంటే ఓనరమ్మ "మీరు ఖాళీ చేసినాక వేయిస్తాలే" అంటుంది. ఆ రంగు ఎవరికోసమో మరి!

గాంధీ రోడ్డులో లేతాకుపచ్చ కర్టెన్ గుడ్డ చూసొచ్చాను, నచ్చింది. గోడంతా వేద్దామంటే మా ఆయన "పెళ్లి పందిరిలా ఉంటుంది, ప్లాస్టిక్ కుర్చీలు కూడా తెప్పించు" అంటున్నాడు. గంజితో గోడకు అతికించొచ్చని ఒక వీడియోలో చూశా. అతికించాలా, వేలాడదీయాలా? గుడ్డ ఎంత పడుతుంది?

కొర్లగుంట కోడలు:
పొడి రాలే డిస్టెంపర్ మీద గంజి పట్టదు చెల్లీ. పట్టినా, పీకేటప్పుడు రంగు పెచ్చులు పెచ్చులుగా వస్తుంది, ఓనరమ్మ అడ్వాన్స్‌లో కోస్తుంది. పైగా గంజికి బొద్దింకలు. ప్లాస్టిక్ ఎమల్షన్ వేసిన నున్నటి గోడైతే చూడొచ్చు.

చిత్తూరు టైలరమ్మ:
గుడ్డ కొనకముందే ఒక పని చెయ్యి. పొడి రాలుతోందన్నావు. అది పాతబడ్డ రంగా, చెమ్మకు ఉప్పు పొంగిందా? జానెడు ప్లాస్టిక్ కవర్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి రెండ్రోజులు వదిలెయ్. లోపలివైపు నీటిచుక్కలు పడితే ఆ గోడకు గుడ్డ వద్దు. అక్టోబరు, నవంబరు వానలకు వెనకంతా బూజు పట్టి గదిలో ముక్కవాసన వస్తుంది. ఆ గోడ వెనక బాత్రూమ్ ఉంటే ఇంకా అనుమానించాలి.

చెమ్మ లేదంటే వేలాడదీయడమే మేలు. రెడీమేడ్ కర్టెన్లు ఎక్కువగా ఏడడుగులవే దొరుకుతాయి. పైన రెండున్నర అడుగుల గోడ కనిపిస్తే పొట్టి లంగా కట్టినట్టుంటుంది. తానులోంచి కోసిచ్చే గుడ్డే తీసుకో. నలభై ఎనిమిది అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) అయితే నాలుగు పీసులు చాలు. పదహారడుగుల గుడ్డ పదకొండు అడుగుల్లోకి వస్తే కుచ్చు దాదాపు ఒకటిన్నర రెట్లు. మీ ఆయన చెప్పే పందిరి కళ రెండున్నర, మూడు రెట్లు కుచ్చు పోసి, మెరిసే శాటిన్ వేసినప్పుడు వస్తుంది. మెరుపు లేని కాటన్ గానీ లినెన్ లాంటిది గానీ తీసుకుంటే రాదు.

పైనా కిందా మడతలకు పది అంగుళాలు కలిపి పీసుకు 3.15 మీటర్లు, నాలుగింటికి 12.6. కాటన్ తడిస్తే కుంచించుకుపోతుంది, 13 మీటర్లకు పైనే కొని, నానబెట్టి ఆరేశాకే కుట్టించు. పువ్వుల డిజైన్ అయితే పీసుకీ పీసుకీ పువ్వు కలవాలి, ఇంకా ఎక్కువ పడుతుంది. ప్లెయినే మేలు.

అంత పొడుగు రాడ్డు రెండు కొసల్లోనే బిగిస్తే మధ్యలో వంగుతుంది. మూడు బ్రాకెట్లు కావాలి, ఆరు స్క్రూలు. ఓనరమ్మకు భయం మేకులంటే, సుత్తి దెబ్బకు ప్లాస్టరింగ్ లేస్తుందని. డ్రిల్ వేయిస్తామని, ఖాళీ చేసేటప్పుడు పుట్టీ పెట్టిస్తామని చెప్పి చూడు. ఇక బల్లులు ఎటూ చేరతాయి, నెలకోసారి దులపాలి.

కాళహస్తి కలంకారీ ఇల్లు:
గోడంతా ఎందుకండీ? మంచం తలాపున ఒక్క కలంకారీ గుడ్డ వేలాడదీయండి. మా ఊరి బొమ్మల గుడ్డలు మొదట్లో గుళ్లలో కట్టడానికి, రథాలకు వేయడానికి గీసినవే. కరక్కాయ, పాలలో నానబెట్టిన గుడ్డ మీద బెల్లం, తుప్పు ఇనుము పులియబెట్టిన నల్లరంగుతో కలం పట్టి గీస్తారు. 2005లో జీఐ (ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఎండ పడే చోట మాత్రం వేయొద్దు, రంగులు వెలుస్తాయి. చేత్తో గీసింది ఖరీదు అనుకుంటే పెడన అచ్చు గుడ్డ మీటర్ల లెక్కన దొరుకుతుంది.

బైరాగిపట్టెడ అద్దెయిల్లు:
గోడ వెనక మెట్లే ఉన్నాయి, బాత్రూమ్ కాదు. కవర్ అంటించి చూశా, చెమ్మ లేదు. ఓనరమ్మ డ్రిల్‌కి ఒప్పుకుంది, మనిషిని మాత్రం తనే పంపిస్తుందట! కలంకారీ మనసులో పడింది కానీ ఈ పొడిగోడ మొత్తం కప్పితే తప్ప నాకు నిద్ర పట్టదు. ఒక్క డౌట్ అక్కా, మంచం పక్కన స్విచ్‌బోర్డు ఉంది. అక్కడ గుడ్డకు కంత చేయించాలా?

చిత్తూరు టైలరమ్మ:
వద్దు. నాలుగు పీసులూ కలిపి కుట్టించకు. రెండు పీసులు కలిసే అంచు బోర్డు దగ్గరికి వచ్చేట్టు రాడ్డుకు ఎక్కించి, అక్కడ పక్కకు లాగి నాడాతో కట్టెయ్. ఫోన్ చార్జర్ గుడ్డ వెనక వేలాడకూడదు, దోమల చుట్ట ఆ దరిదాపుల్లో వెలిగించకూడదు. అంచు నేలకు అంగుళం పైన ఆగేట్టు కుట్టమను, తడిగుడ్డ పెట్టినప్పుడు మరక పడదు.