నాన్న సంచీలో పాస్‌బుక్కులు, ప్రోనోట్లు దొరికాయి, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి

ఆటోనగర్_అబ్బాయి:

అందరికీ నమస్తే. మాది విజయవాడ, పటమట. నాన్న పోయి నెల మీద పది రోజులైంది, హార్ట్ ఎటాక్, వయసు 53. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో కార్పెంటర్ పని చేసేవారు. డబ్బు సంగతులు ఇంట్లో ఎవరికీ చెప్పేవారు కాదు, అడిగితే "నేనున్నాగా, మీకెందుకురా" అనేవారు, మేమూ అలాగే వదిలేశాం.

పెద్దకర్మ అయ్యాక అమ్మ బీరువా అడుగు అరలోంచి ఒక బట్టల షాపు సంచీ తీసి నా చేతిలో పెట్టింది. అందులో రెండు పాస్‌బుక్కులు, ఒక ఎఫ్‌డీ రసీదు, నాన్న అప్పిచ్చి రాయించుకున్న మూడు ప్రోనోట్లు, చీటీ లెక్క రాసుకున్న చిన్న పాకెట్ బుక్కు ఉన్నాయి. ఎఫ్‌డీ 1,80,000, దాంట్లో నామినీ కాలమ్ ఖాళీ. నోట్లలో ఒకటి 2022 జూన్‌ది 50 వేలు, ఇంకోటి 2023 ఆగస్టుది లక్ష, మూడోది 2024ది 30 వేలు, అన్నీ నూటికి రెండు రూపాయల వడ్డీ. చీటీ ఏమో మా వీధిలో ఒకావిడ దగ్గర, 2 లక్షల చీటీ, 20 నెలలు, నెలకి 10 వేలు, నాన్న 13 కట్టారు, పాట పాడలేదు. ఆవిడ "మిగతా ఏడు కట్టండి, ఆఖర్న మొత్తం ఇస్తా" అంటోంది.

పాస్‌బుక్కుల్లో ఒకదాంట్లో 41 వేలున్నాయి, దానికి అమ్మే నామినీ. అందులోనే ఏటా మే ఆఖర్లో 330, 12 అని ఏదో కట్ అయింది, తర్వాత కొన్నేళ్ళ నుంచి 436, 20 అని కట్ అవుతోంది, ఇంకు వెలిసిపోయి పక్కన ఏం రాశారో కనపడట్లేదు. ఎస్సెమ్మెస్ చార్జీలు అనుకుంటా, చూడండి చిన్న చిన్నగా ఎంత నొక్కేస్తారో.

ఇప్పుడు నా సంగతి. నాకు 29, స్పేర్ పార్ట్స్ షాపులో బిల్లింగ్, జీతం 32 వేలు, పాప రెండేళ్ళది. ఇన్సూరెన్స్ ఒక్కటీ లేదు, నా ఫోన్‌పే పిన్ కూడా మా ఆవిడకి తెలీదు. రేపు నాకేమన్నా అయితే ఆవిడ చేతికి ఇలాంటి సంచీయే వస్తుంది, నా దాంట్లో ఆ ప్రోనోట్లు కూడా ఉండవు. అందుకే అడుగుతున్నా, ఇవి ఎలా వసూలు చేసుకోవాలి, ఇక మీదట నేను ఎలా ఉండాలి? ఒకాయన అమ్మతో, వచ్చిన డబ్బు మా సొసైటీలో వేస్తే 12 పర్సెంట్ ఇప్పిస్తానని కూడా అంటున్నాడు.

రిటైర్డ్_క్యాషియర్_గుంటూరు:

బాబూ, ముందు ఆ పాస్‌బుక్ జాగ్రత్తగా పెట్టు. 436 అనేది చార్జీ కాదు. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. 2015లో మొదలైనప్పుడు ఏడాదికి 330, 2022 జూన్ నుంచి 436 చేశారు. పక్కనున్న 12, 20 సురక్షా బీమా, అది యాక్సిడెంట్‌కి మాత్రమే, గుండెపోటుకి రాదు. జీవన్ జ్యోతి మాత్రం ఏ కారణంతో పోయినా వర్తిస్తుంది, 55 ఏళ్ళ లోపు అయితే, మొన్న మేలో ప్రీమియం కట్ అయ్యుంటే 2 లక్షలు నామినీకి ఇస్తారు. మీ నాన్నగారికి 53 అన్నావు కాబట్టి దాదాపు ఖాయం. ఆ బ్రాంచికే వెళ్ళు, డెత్ సర్టిఫికెట్, పాస్‌బుక్, అమ్మగారి ఆధార్, ఆవిడ బ్యాంక్ వివరాలు పట్టుకెళ్ళు, క్లెయిమ్ ఫారం వాళ్ళే ఇస్తారు. ఆలస్యం చేయకు, ఇప్పటికే నలభై రోజులైంది. 31 ఏళ్ళు కౌంటర్లో కూర్చున్నా, ఈ 436 చూసి "మా డబ్బు ఎందుకు కోశారు" అని నా మీద అరిచి ఆపించుకున్నవాళ్ళు ఎందరో, వాళ్ళలో కొందరి ఇళ్ళ నుంచి తర్వాత భార్యలు వచ్చి అడిగినప్పుడు నా దగ్గర చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

రెండోది, నాన్నగారి ఏటీఎం కార్డు మీ దగ్గరుంటే దాంతో డబ్బు తీయకండి, పిన్ తెలిసినా సరే, అందరూ చేసే పనే కానీ తప్పు, రేపు వారసుల్లో ఎవరికైనా తేడా వస్తే మెడకి చుట్టుకుంటుంది. ఆయన సిమ్‌కి మాత్రం రీచార్జ్ ఆపొద్దు, ఏ అకౌంట్ ఎక్కడుందో మెసేజ్‌లు దానికే వస్తాయి.

ఎఫ్‌డీకి నామినీ లేదు కాబట్టి సచివాలయంలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి అప్లై చేయండి, తహసీల్దార్ ఇస్తారు. 1,80,000 లాంటి మొత్తానికి బ్యాంకులు మామూలుగా కోర్టు దాకా పంపవు, వారసులందరి సంతకాలు, ఇండెమ్నిటీ బాండ్ (రేపు ఇంకెవరైనా హక్కు అడిగితే బాధ్యత మాదే అని రాసిచ్చే పత్రం) లాంటివి అడుగుతారు. కానీ తిరుగుడు మాత్రం తప్పదు. నామినీ ఉన్న 41 వేలు ఎంత తేలిగ్గా వస్తాయో, ఇది ఎంత తిప్పుతుందో నువ్వే చూస్తావు.

నీ అకౌంట్లన్నిటికీ ఈ వారమే నామినీ పెట్టు. 2025 నవంబర్ 1 నుంచి ఒక్కో అకౌంట్‌కి నలుగురి దాకా పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత పర్సెంటో కూడా రాయొచ్చు. ఒక్కటి గుర్తుపెట్టుకో, నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి, ఓనర్ అని కాదు, వారసుల హక్కు వారసులదే.

సొసైటీ 12 పర్సెంట్ గురించి ఏం చెప్పమంటావు. బ్యాంకు మూతపడితే ఒక్కో మనిషికి ఒక్కో బ్యాంకులో అసలు వడ్డీ కలిపి 5 లక్షల దాకా డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంది, 2020 ఫిబ్రవరి ముందు లక్షే ఉండేది. కోఆపరేటివ్ బ్యాంకులకీ ఉంది. క్రెడిట్ సొసైటీలకి లేదు, చీటీలకి లేదు. పేరులో బ్యాంక్ ఉందా సొసైటీ ఉందా అన్నది ముందు చూడమను ఆయన్ని.

మిర్చియార్డు_గుమస్తా:

తమ్ముడూ నోట్ల సంగతి నేను చెప్తా, మా యార్డులో రోజూ ఇదే గోల. ప్రోనోటుకి మూడేళ్ళే బతుకు. 2022 జూన్‌ది 2025 జూన్‌కే అయిపోయింది. కానీ కంగారుపడకు, ఆ నోటు వెనక్కి తిప్పి చూడు, మధ్యలో ఎప్పుడన్నా వడ్డీ ఇచ్చి చెల్లు రాసి సంతకం పెట్టుంటే ఆ తారీఖు నుంచి మళ్ళీ మూడేళ్ళు. వెనకాల ఖాళీగా ఉంటే మాత్రం కోర్టుకెళ్ళినా లాభం లేదు, మనిషిని బట్టే, పోయి మర్యాదగా అడిగి అమ్మ పేరు మీద కొత్త నోటు తిరగరాయించుకో, చాలామంది రాస్తారు, చచ్చిపోయినోడి బాకీ ఎగ్గొట్టాడని పేరు రావడం ఎవరికీ ఇష్టం ఉండదు. లక్ష నోటు ఇంకా అర్జెంటు, 2026 ఆగస్టుకి దాని టైం అయిపోద్ది. రేపే పో. ఐదొందలిచ్చినా సరే తీసుకో, వెనకాల "ఇంత ముట్టింది" అని అతని చేత్తోనే రాయించి తారీఖు వేసి సంతకం పెట్టించుకో. నువ్వు రాసుకుంటే పనికిరాదు, అతను రాయాలి, కనీసం అతని సంతకం ఉండాలి. ఫోన్‌పే కొట్టమని అడుగు, ఆ రికార్డు కూడా ఉంటుంది.

చీటీ సంగతి చెప్పాలంటే నాకు కోపమొస్తది. మా బావ ఇట్టాంటి ఇంటి చీటీలోనే 3 లక్షలు పోగొట్టుకున్నాడు, ఆవిడ రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసి పోయింది, వీళ్ళ చేతిలో కాగితం లేదు, పోలీస్ స్టేషన్‌కి పోతే రసీదు ఏదన్నారు. చీటీ చెడ్డదని నేననను, మా పెళ్ళిళ్ళు, ఇళ్ళ స్లాబులు అన్నీ చీటీ డబ్బుతోనే, కానీ 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం చీటీ నడిపేవాళ్ళు రిజిస్ట్రార్ దగ్గర పర్మిషన్ తీసుకోవాలి, చీటీ మొత్తానికి సరిపడా సెక్యూరిటీ పెట్టాలి. వీధి చీటీల్లో అదేం ఉండదు, నమ్మకం ఒక్కటే. ఇప్పుడు నువ్వు ఆపేస్తే 13 నెలల డబ్బుకి ఆవిడ సాకు చెప్తది. కాబట్టి ఆవిడతో గొడవ పెట్టుకోకుండా, వచ్చే నెల పాట నువ్వే పాడి ఎత్తేసుకో, నాలుగు వేలు తక్కువ వచ్చినా నష్టం లేదు, డబ్బు మీ చేతిలో ఉంటది, మిగతా నెలలు కట్టుకుంటూ పో. ఈ 13 నెలలు ముట్టినట్టు మాత్రం ఆవిడ చేత ఇవ్వాళే రాయించుకో.

బెంజ్‌సర్కిల్_బైకర్:

బ్రో అన్నీ బానే చెప్పారు కానీ నీ ఫోన్ సంగతి ఎవరూ చెప్పలా. మా తమ్ముడికి వాట్సాప్‌లో ట్రాఫిక్ చలాన్ అని ఒక ఫైల్ వచ్చింది, మనోడు అదే రోజు హెల్మెట్ లేకుండా తిరిగాడు కదా, భయపడి ఇన్‌స్టాల్ చేసేశాడు, పది నిమిషాల్లో 46 వేలు మూడు ముక్కలుగా పోయాయి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టాం, అరగంట లోపే, అందుకే 28 వేలు అవతలి అకౌంట్‌లో ఆగాయి, మిగతావి గోవిందా. ఆ నంబరు గోడ మీద రాసుకోండి, ఆ టైంలో బుర్ర పనిచేయదు.

అప్పట్నుంచి నేను చేసేది ఒక్కటే, జీతం పడే అకౌంట్ ఏ యాప్‌కీ లింక్ చేయను. వేరే అకౌంట్‌లో ఐదు వేలు పెట్టుకుని టీకి, పెట్రోల్‌కి, కూరగాయలకి దాంతోనే స్కాన్ చేస్తా, అయిపోతే మళ్ళీ వేసుకుంటా. పోయినా ఐదు వేలే. డబ్బు రావాలంటే పిన్ కొట్టక్కర్లేదు అనే ముక్క మీ అమ్మగారికి పది సార్లు చెప్పండి, ఇన్సూరెన్స్ డబ్బు పడ్డాక ఎవడో ఒకడు ఫోన్ చేసే ఛాన్స్ ఉంది.

ఇక నువ్వు టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకో, అంటే పాలసీ ఉన్నన్నాళ్ళలో మనిషి పోతేనే ఇంట్లోవాళ్ళకి డబ్బు వచ్చేది, కోటికి తీసుకో.

రిటైర్డ్_క్యాషియర్_గుంటూరు:

బైకర్ బాబూ, 32 వేల జీతానికి కోటి అంటే కంపెనీయే ఒప్పుకుంటుందో లేదో, 50 లక్షలతో మొదలుపెట్టినా చాలు. అసలు అది కూడా తర్వాత. ముందు ఇంట్లో ఇద్దరికీ 436, 20 ఫారాలు నింపి ఇచ్చిరా, ఏడాదికి మనిషికి 456. ఆ తర్వాత టర్మ్. అది తీసుకునేటప్పుడు వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద కావాలని ఫారంలో టిక్ పెట్టమని అడుగు, 1874 నాటి చట్టం, అలా తీసుకున్న పాలసీ డబ్బు భార్యాపిల్లలదే, నీ అప్పులవాళ్ళు దాని జోలికి రాలేరు. పాలసీ తీసుకునే రోజే అడగాలి, తర్వాత కుదరదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి విడిగా తీసుకునే లైఫ్, హెల్త్ పాలసీలకి జీఎస్టీ కూడా తీసేశారు. ఎవరైనా "డబ్బు వెనక్కి వచ్చే పాలసీ" అని మొదలుపెడితే టీ తాగించి పంపించెయ్, నేను బ్యాంకులో ఉన్నప్పుడు అలాంటివి టార్గెట్ కోసం నేనే అమ్మాను, చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

సింగ్‌నగర్_అక్క:

తమ్ముడూ, మీ నాన్నగారికి నా నివాళి. నేను పెద్ద విషయాలు చెప్పలేను కానీ ఆ సంచీ అడుగు అరలో ఉందన్నావు చూడు, అక్కడే నా గుండె ఆగింది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు వరద వచ్చినప్పుడు మా ఇంట్లో నడుము దాకా నీళ్ళు, మా కాగితాలన్నీ అడుగు అరలోనే ఉండేవి. ఇంటి దస్తావేజు, పాప పుట్టిన సర్టిఫికెట్, బంగారం లోన్ కాగితాలు, అన్నీ ముద్ద. మేడ మీద తాడు కట్టి బట్టల క్లిప్పులతో ఆరేశాం, సగం ఇంకు పోయింది. దస్తావేజుకి సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోడానికే రెండు నెలలు తిరిగా. ఇప్పుడు జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి అటక మీద ఉంచాం, ఆధార్, మార్కుల లిస్టులు లాంటివి డిజీలాకర్‌లో ఉన్నాయి.

ఇంకోటి, ఆ వారం కరెంటు లేదు, ఫోన్లు చచ్చాయి, ఫోన్‌పేలో ఎంతున్నా పాల ప్యాకెట్ కొనుక్కోలేకపోయాం. పడవలో వచ్చిన పాలాయనకి ఇవ్వడానికి మా అత్తగారి పోపులడబ్బాలో దాచిన 1,400 దిక్కయ్యాయి. అంతకుముందు ఆ డబ్బా గురించి ఆవిడ్ని ఎంత ఆటపట్టించేదాన్నో. ఇప్పుడు నేనూ ఇంట్లో నాలుగు వేలు వందనోట్లు పెట్టుకుంటున్నా.

మీ ఆవిడకి పిన్ చెప్పక్కర్లేదు గానీ ఏ బ్యాంకులో ఏముందో ఒక నోటుబుక్కులో ఇద్దరూ కూర్చుని రాసుకోండి, నువ్వొక్కడివే రాసి ఎక్కడో పెడితే అదీ ఇంకో సంచీ అవుతుంది. మా ఇంట్లో ప్రతి నెలా మొదటి ఆదివారం టిఫిన్ అయ్యాక చూసుకుంటాం, మావారికి మహా విసుగు, అయినా కూర్చోబెడతా.

ఆటోనగర్_అబ్బాయి:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న షాపు నుంచి పర్మిషన్ తీసుకుని బ్యాంకుకి వెళ్ళా. మేనేజర్ గారు సిస్టమ్‌లో చూసి, అవును, మేలో 436 కట్ అయింది, పాలసీ ఉంది, నామినీ అమ్మే అన్నారు. ఫారం నింపి ఇచ్చేశాం. అమ్మ బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయింది, ఏడుస్తుందేమో అనుకున్నా, "ఈయన ఇది కూడా చెప్పలేదు చూడు" అని నవ్వింది. తర్వాత ఏడ్చింది.

2022 నోటు వెనకాల చూశా గుమస్తా అన్నా, 2024 ఫిబ్రవరిలో 6 వేలు చెల్లు ఉంది, సంతకంతో సహా. అది తెలీకుండా ఆ నోటు పక్కన పడేసేవాణ్ణే. చీటీ ఆవిడ 13 నెలలు ముట్టినట్టు రాసివ్వడానికి ముందు నసిగింది, అమ్మ వెళ్ళి వాళ్ళ గుమ్మంలో కూర్చునేసరికి రాసిచ్చింది, వచ్చే నెల పాట పాడుతున్నాం. సొసైటీ ఆయనకి అమ్మే చెప్పేసింది, వద్దు బాబూ అని.

మా ఆవిడతో నోటుబుక్కు మొదలుపెట్టాం, నా దాంట్లో ఒకటిన్నర పేజీకే అయిపోయింది, తన దాంట్లో నాకు తెలియని 22 వేల పోస్టాఫీస్ ఆర్‌డీ బయటపడింది, ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం.

లక్ష నోటు ఆయన తాడేపల్లిలో ఉంటారు, ఆదివారం పొద్దున్నే రమ్మన్నారు. నోటు జిరాక్స్ తీయించి ఉంచా, పెన్ను కూడా నేనే పట్టుకెళ్తున్నా.