సరిహద్దు దాటే పాత కాలువలను మళ్లీ కలపాలా, విడివిడిగానే కాపాడుకోవాలా?

మెరకకాలువ:
రెండు దేశాల మధ్య ఒకప్పుడు పడవలు తిరిగి, తర్వాత పూడిపోయిన కాలువలున్నాయి. వాటిని ఉమ్మడి ఖర్చుతో బాగుచేసి మళ్లీ ఒకే దారిగా కలపాలా? లేక ఎవరి ముక్కను వాళ్లు కాపాడుకుంటూ పనితనాన్ని మాత్రం పంచుకోవాలా? నేను కలపాలనే అంటాను.

ఐర్లాండ్‌లో షానన్, ఎర్న్ నదులను కలిపే కాలువను 1860లో తెరిచారు. పదేళ్లు తిరక్కుండానే పడవలు ఆగిపోయాయి, కాలువ పాడుబడింది. 16 లాకులతో (లాకు అంటే నీటిని నింపి, ఖాళీ చేసి పడవను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చే తలుపుల గది), సుమారు 63 కిలోమీటర్ల ఆ దారి 1994లో మళ్లీ తెరుచుకుంది. 1999లో బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లాండ్‌కూ, దక్షిణాన ఉన్న ఐర్లాండ్ దేశానికీ ఉమ్మడి సంస్థగా ఏర్పడిన వాటర్‌వేస్ ఐర్లాండ్ ఇప్పుడు దాన్ని చూసుకుంటోంది. పోలాండ్, బెలారస్ మధ్య ఉన్న 101 కిలోమీటర్ల అగుస్తూవ్ కాలువలో ఒక లాకు సరిగ్గా సరిహద్దు మీదే ఉంది. ఒక పక్కవాళ్లే పూనుకుంటే దాని తలుపులు తెరుచుకోవు.

పడవ తిరిగితేనే కాలువకు డబ్బు వస్తుంది. ఓక్ చెక్కతో చేసిన లాకు తలుపు సుమారు పాతికేళ్లు పనిచేస్తుంది. పూర్తిగా మునిగి ఉన్న చెక్కకు ఏమీ కాదు. తడిసి ఆరే నీటి గీత దగ్గరే కుళ్లు మొదలవుతుంది. పడవలు రాని చోట ఆ కుళ్లు ఎవరి కంటా పడదు, తలుపు విరిగిన రోజునే తెలుస్తుంది.

ఒండ్రునేల:
మెరకకాలువ గారూ, మీరు చెప్పిన ఐర్లాండ్ దారినే తీసుకుందాం. 1990ల్లో జీబ్రా ఆల్చిప్పలు అనే పరాయి జాతి జీవులు షానన్‌కు చేరింది పడవల అడుగులకు అంటుకునే. అక్కడి నుంచి ఎర్న్‌కూ పాకాయి. అవి నీటిని వడగట్టి చేపపిల్లల మేతను లాగేసుకుంటాయి, నీరు తోడే గొట్టాల్లో గుత్తులుగా పేరుకుని దారి మూసేస్తాయి.

జర్మనీలో రైన్ వైపు దారిని డాన్యూబ్ నదితో కలిపే మెయిన్-డాన్యూబ్ కాలువను 1992లో తెరిచారు. నల్లసముద్రం వైపు నుంచి వచ్చిన డికెరోగమ్మరస్ అనే వేటాడే రొయ్యజాతి జీవి కొన్నేళ్లకే రైన్‌లో కనిపించి, అక్కడి చిన్న జీవులను తినేసింది. అక్కడ దారి ఇచ్చింది పడవలొక్కటే కాదు, కాలువ దాటే మెరక మీది భాగానికి డాన్యూబ్ వైపు నుంచి తోడిపోసే నీరు కూడా. పడవలను ఎంత శుభ్రంగా కడిగినా తోడిపోసిన నీటిని కడగలేం కదా.

అమెరికాలో షికాగో కాలువ 1900లో ఉత్తర అమెరికా మహాసరస్సులను మిసిసిపీ నదితో కలిపింది. వందేళ్ల తర్వాత, 2002 నుంచి, పరాయి చేపలను ఆపడానికి నీటిలో విద్యుత్ అడ్డు పెట్టి నడుపుతున్నారు. అదీ పూర్తిగా ఆపలేదు. ఇనుప బార్జి (సరుకులు మోసే బల్లపరుపు పడవ) దాటుతున్నప్పుడు దాని చుట్టూ విద్యుత్ క్షేత్రం బలహీనపడుతుంది, రెండు బార్జిల మధ్య సందులో చిక్కిన చిన్న చేపలు దాంతోపాటే అవతలికి వెళ్లిపోగలవు. కలపడం ఒక్కసారి చేసే పని. దాని కాపలా మాత్రం ఎప్పటికీ తీరదు. అందుకే పనితనం పంచుకుందాం, నీళ్లను కలపొద్దు.

నీటిలెక్క:
జీవుల సంగతి సరే, అసలు నీళ్లున్నాయా అని ఎవరూ అడగలేదు. ఫ్రాన్స్‌లో 1879 చట్టంతో వచ్చిన ఫ్రేసినే కొలత లాకు 39 మీటర్ల పొడవు, 5.2 మీటర్ల వెడల్పు. ఎత్తు తేడా 2.6 మీటర్లనుకుంటే, ఒక్కసారి నిండటానికి సుమారు 527 ఘనపు మీటర్లు కావాలి. పడవ మెరక ఎక్కి అవతలికి దిగిందంటే రెండు వైపులా ఒక్కో లాకు నీరు, అంటే దాదాపు 1,050 ఘనపు మీటర్లు పై నుంచి పోయినట్టే. రోజుకు 40 పడవలు అలా విడివిడిగా దాటితే 42,000. తలుపుల సందుల్లోంచి కారే నీరు, గట్ల ఊట, ఎండకు ఆవిరి దీనికి అదనం. వేసవి చివర వాగులు సన్నబడేదీ, పడవలు ఎక్కువగా తిరిగేదీ ఒకే నెలల్లో.

నీటిని పొదుపు చేసే దారి ఉంది. లాకు పక్కనే అంతే విస్తీర్ణమున్న తొట్లు కట్టి, దిగే నీటిని వాటిలోకి మళ్లించి, మళ్లీ నింపేటప్పుడు వాడుకోవాలి. ఒక తొట్టి మూడో వంతు మిగులుస్తుంది, రెండు సగం, మూడు 60 శాతం. మెయిన్-డాన్యూబ్ కాలువ మీది పొదుపు లాకుల లెక్క ఇదే. కానీ తొట్టి పెరిగేకొద్దీ లాకు నిండే సమయమూ పెరుగుతుంది, పక్కన స్థలమూ కావాలి. ఇరుకు లోయలో కట్టిన పాత లాకుల వరుసకు ఆ చోటు దొరకదు.

తూముతలుపు:
కలపాలా వద్దా అన్నది పక్కన పెడితే, పని చేతకాక కాలువలు చెడగొట్టడం రెండు పక్షాల్లోనూ జరుగుతోంది. అంతర్జాతీయ సహకారం ముందు అక్కడ కావాలి.

పాత కాలువ అడుగున ఉండేది నీటితో కలిపి తొక్కి, పొరలు పొరలుగా పరిచిన బంకమట్టి. మొత్తం మందం 60 నుంచి 90 సెంటీమీటర్లు. తడిగా ఉన్నంత కాలం అది నీటిని నిలబెడుతుంది. మరమ్మతుకని ఎండాకాలంలో కాలువ ఖాళీ చేసి వారాలు వదిలేస్తే బీటలు వారుతుంది, నీరు పెట్టాక ఆ బీటల్లోంచే ఊట మొదలై ఒకరోజు గండి పడుతుంది. అందుకే చల్లటి రోజుల్లో, చిన్న చిన్న ముక్కలుగా ఖాళీ చేయాలి. లాకును కూడా గబగబా ఖాళీ చేయకూడదు. లోపల నీరు పోయినా గోడ వెనక మట్టిలో నీరు ఉంటుంది, ఆ ఒత్తిడికి గోడ లోపలికి ఒరుగుతుంది, అడుగు పైకి లేస్తుంది. వెనక నీటిమట్టం చూసుకుంటూ దించాలి.

పూడికతీతలో జరిగే తప్పు ఇంకోటి. యంత్రం తొట్టి పళ్లు ఒండ్రుతోపాటు బంకమట్టినీ గీరేస్తాయి. ముందే పొడవాటి కడ్డీతో గుచ్చి మెత్తటి పూడిక లోతు కొలుచుకోవాలి, పళ్లులేని తొట్టి వాడాలి, ఒక అంగుళం పూడిక మిగిలినా ఫర్వాలేదనుకోవాలి. పాత పరిశ్రమల పక్కన తీసిన పూడికలో భారలోహాలుంటాయి, పరీక్షించకుండా గట్టున పోయకూడదు.

కలిపే కాలువల్లో లాకులన్నీ ఒకే కొలతకు మార్చాలని అనేవాళ్లుంటారు, దానికి మాత్రం నేను వ్యతిరేకం. పెద్ద బార్జి పట్టాలని పాత లాకు పగలగొడితే ఇక కాపాడటానికేముంది? బెల్జియంలో సెంటర్ కాలువ మీద పడవలను ఎత్తి దించే నాలుగు పాత నీటిపీడన లిఫ్టులను కదపకుండా, 2002లో పక్కనే 73 మీటర్లు ఎత్తే స్ట్రెపీ-త్యూ లిఫ్టును తెరిచారు. పాత నాలుగూ 1998లోనే ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. సరుకు కొత్తదారిలో, చరిత్ర పాతదారిలో.

మెరకకాలువ:
నీటిలెక్క గారి మాట ఒప్పుకుంటున్నాను. మెరక మీద నిల్వ చెరువు, పడవలను జతలుగా ఒకే లాకులో దాటించడం, పొదుపు తొట్లు, ఈ మూడింటిలో కనీసం రెండు లేనిచోట తెరవకూడదు. ఒండ్రునేల గారూ, వేరుగా ఉంచితే జీవులు ఆగుతాయన్న భరోసా మాత్రం లేదు. ట్రైలర్ మీద రోడ్డున వెళ్లే పడవా వాటిని మోసుకెళ్తుంది. కలిసిన దారిలో లాకు దగ్గర కనీసం తనిఖీకి ఒక చోటుంటుంది.

ఒండ్రునేల:
ట్రైలర్ మాట నిజమే. దానికి దిగేచోటే వేడినీటి కడుగు, పూర్తిగా ఆరబెట్టడం తప్పనిసరి చేయాలి. లాకులో తేలుతున్న పడవ అడుగును ఎవరు చూస్తారు?

నా షరతు చెప్తాను. కెనడాలో నయాగరా జలపాతాన్ని తప్పించి పడవలను పై సరస్సులకు చేర్చే వెల్లండ్ కాలువ 1829లో మొదలైంది, చేపలకు అతుక్కుని రక్తం పీల్చే పాములాంటి సముద్రపు లాంప్రే 1921లో ఈరీ సరస్సులో కనిపించింది, మిగతా పై సరస్సుల చేపలను పీల్చేసింది. అమెరికా, కెనడా కలిసి మహాసరస్సుల మత్స్య కమిషన్‌ను పెట్టుకున్నది 1955లో. లాంప్రే పిల్లలను చంపే మందు ఈనాటికీ వాగుల్లో పోస్తూనే ఉన్నారు. ఒప్పందం నష్టానికి వెనక కాదు, ముందు రావాలి. ఖర్చెవరిదన్నది అందులో రాసి ఉండాలి. దీనికి రైన్ మీద మంచి నమూనా ఉంది: పడవల వ్యర్థాల మీద 1996లో కుదిరి 2009లో అమల్లోకి వచ్చిన ఒప్పందం. ఆరు దేశాల్లో ఎక్కడ డీజిల్ నింపుకున్నా చిన్న రుసుము కట్టాలి, ఆ డబ్బుతో నూనె వ్యర్థాలను సేకరిస్తారు. అలాంటి రుసుమొకటి జీవుల కాపలాకు పెడితే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. మెరకకు పరాయి నది నీరు తోడిపోయడం మీద మాత్రం తగ్గను.

తూముతలుపు:
ఒప్పందంలో ఇంకో చిన్న విషయం చేర్చండి. గండి పడినప్పుడు కాలువకు అడ్డంగా దించే పలకలకు గోడల్లో గాడి ఉంటుంది. సరిహద్దుకు ఇరువైపులా గాడి వెడల్పు, పలక పొడవు ఒకటే కావాలి, రెండు సెట్లు సరిహద్దు లాకు దగ్గరే ఉంచాలి, ఏటా ఒకసారి దించి చూడాలి. గాడిలో మట్టి పేరుకుంటే ఆ రోజు పలక సగంలోనే ఆగిపోతుంది.