మా మున్సిపాలిటీ శ్మశానంలో ఫర్నేస్ పాడైపోయింది, కొత్తది కరెంటుదా గ్యాస్‌దా?

వార్డుకుర్రోడు:
అందరికీ నమస్తే అండి. మాది చిన్న మున్సిపాలిటీ, శ్మశానం నడిపేది కూడా మున్సిపాలిటీయే. ఎప్పుడో పెట్టిన కరెంటు ఫర్నేస్ ఒకటుంది, ఉన్నమాటే గానీ ఎప్పుడు చూడు రిపేరు, ఒకసారి కాయిల్ తెగిందంటారు ఇంకోసారి తలుపు పైకి లేవట్లేదంటారు, శవాన్ని తీసుకొచ్చాక ఆ మాట చెప్తే అప్పటికప్పుడు కట్టెల అడితికి పరిగెత్తాలి. మొన్న మా వీధిలో పెద్దాయన పోతే ట్రాలీ మీదకి ఎక్కించి కర్పూరం వెలిగించాక కరెంటు పోయింది, జనరేటర్ ఉంది గానీ అది లైట్లకీ మోటారుకే సరిపోద్దంట, వాళ్లబ్బాయి తడిబట్టలతో అలాగే నిలబడిపోయాడు పాపం. ఇప్పుడు కొత్త మిషన్ విషయం కౌన్సిల్ ఎజెండాలో పెట్టారు. మున్సిపాలిటీ ఇంజనీరు ఏఈ గారు గ్యాస్‌ది అంటున్నారు, కొందరు కౌన్సిలర్లు మళ్లీ కరెంటుదే కావాలంటున్నారు. మా కౌన్సిలర్ తెలిసినాయనే, మీటింగ్‌లో ఏం అడగాలో చెప్పమన్నాడు. మా ఊళ్లో రోజుకి ఒకటో రెండో వస్తాయి, ఒక్కోరోజు అసలు రావు. తెలిసినవాళ్లు చెప్పండి.

కొలిమిపని:
ఫర్నేసుల లైనింగ్ పనిలో, అంటే లోపల వేడి తట్టుకునే ఫైర్ బ్రిక్స్ కట్టే పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా, రోజుకి ఒకటీ అరా వచ్చే చోట కరెంటుది పెట్టకండి బ్రో. ఎందుకంటే చల్లగా ఉన్న ఫర్నేస్ 600, 700 డిగ్రీలకి ఎక్కాలంటే గంటలు పడుతుంది, అందుకని రాత్రంతా ఆన్‌లో ఉంచితే బిల్లు, బిల్లుకి భయపడి ఆపేస్తే బ్రిక్స్ చల్లారి మళ్లీ వేడెక్కి చల్లారి పగుళ్లు. కాయిల్ ఉండేదే ఆ ఫైర్ బ్రిక్స్ గాడిలో, గాడి విరిగితే కాయిల్ జారి వేలాడుతుంది, కొన్నాళ్లకి తెగుతుంది. మీ మిషన్‌కి మాటిమాటికీ కాయిల్ పోవడం వెనక ఉన్న కథ ఇదే అయ్యుంటుంది, ఎన్ని కాయిల్స్ మార్చినా బ్రిక్స్ మార్చకపోతే అంతే. పైగా లోడ్ పెద్దది కాబట్టి శవం వచ్చినా రాకపోయినా నెలనెలా ఫిక్స్‌డ్ చార్జీలు కట్టాల్సిందే. పెద్ద సిటీల్లో ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి, వేడి దిగదు, అక్కడ కరెంటుది బాగానే నడుస్తుంది.
గ్యాస్‌ది అయితే శవం వస్తుందని ఫోన్ వచ్చాక వెలిగించొచ్చు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ ఒకటి అటూఇటూగా ఒక శవానికి అనుకోండి. బ్లోయర్‌కీ ప్యానెల్‌కీ కరెంటు కావాలి గానీ ఆ కాస్తకి మామూలు జనరేటర్ చాలు, మీ పెద్దాయన విషయంలో జరిగింది మళ్లీ జరగదు. అలాగని గ్యాస్‌ది ఎప్పటికీ పాడవదని కాదు, దీనికీ బ్రిక్సే, దీనికీ రీలైనింగ్, అంటే ఆ బ్రిక్స్ మళ్లీ కట్టడం తప్పదు.

రిటైర్డ్ గుమాస్తా:
పైన బాబు చెప్పింది నిజం. నేనొకటి కలుపుతాను. మిషన్ కొనడానికి ఏదో ఒక గ్రాంట్ వస్తుంది, ఓపెనింగ్‌కి రిబ్బన్ కూడా కడతారు. తర్వాత దాన్ని నడిపే మనిషి జీతం ఏ పద్దులో రాయాలో ఎవరూ ఆలోచించరు! వారంటీ అయిపోయాక కంపెనీవాడు ఫోనెత్తడు. అందుకే టెండర్‌లోనే ఏఎంసీ (ఏటేటా మెయింటెనెన్స్ కాంట్రాక్టు) కూడా కలిపి అడగమనండి, రీలైనింగ్ ఖర్చు ఎవరిది, ఫోన్ చేశాక ఎన్ని గంటల్లో మనిషి రావాలి, బర్నరూ వేడి కొలిచే థర్మోకపుల్సూ స్పేర్‌లో ఉంచాలా వద్దా, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ఆపరేటర్లు ఇద్దరు కావాలి, ఒక్కడే ఉంటే వాడికి జ్వరమొచ్చిన రోజు ఊరికి శ్మశానం లేనట్టే.
ఇంకోటి, కట్టెల ప్లాట్‌ఫారాలు మాత్రం తీసేయనివ్వకండి. 2021 ఏప్రిల్‌లో సూరత్‌లో గ్యాస్ ఫర్నేసులు ఆపకుండా నడిపితే లోపలి ఇనప ఫ్రేములు కరిగిపోయాయి, పేపర్లలో వచ్చింది.

యూకేబాబాయ్:
నేనుండేది ఇంగ్లండ్‌లో. ఇక్కడ కూడా చాలా శ్మశానాలు కౌన్సిళ్లవే, ఎక్కువగా గ్యాస్‌వి. పాతవి మార్చేటప్పుడు పళ్లలో నింపే వెండిరంగు ఫిల్లింగ్ నుంచి వచ్చే పాదరసం పట్టే ఫిల్టర్లు కూడా పెట్టాల్సొచ్చింది, ఫిల్టర్‌లోకి పంపే ముందు పొగని చల్లార్చాలి కదా, రెడిచ్ అనే ఊళ్లో ఆ వేడితో కౌన్సిల్ స్విమ్మింగ్ పూల్‌లో నీళ్లు కాస్తున్నారు, 2011లో కౌన్సిల్ ఒప్పుకుంది.

వార్డుకుర్రోడు:
బాబాయ్ ఆ ఐడియా మాత్రం మా కౌన్సిలర్‌కి చెప్పను, మా ఊళ్లో ఆ పూల్‌లోకి ఒక్కడు దిగడు 😀

గోదారిగట్టు:
అన్నీ మిషన్ గురించే చెప్పారు, జనం సంగతో? మా వైపు కరెంటుది పెట్టిన కొత్తలో పెద్దోళ్లెవరూ ఒప్పుకోలేదు, కొరివి పెట్టే వీల్లేదని ఒకరు, ఎముకలు వేరేవాళ్లవి కలిసిపోతాయని ఒకరు. కాశీలో హరిశ్చంద్ర ఘాట్‌లోనే 1980ల చివర్లో కరెంటుది పెట్టారని చెప్పినా వినేవాళ్లు కాదు. ట్రాలీ ముందు కొరివి పెట్టడానికి, కుండ తిప్పడానికి చోటు వదలండి, తర్వాతి శవం పెట్టేలోపు అస్థికలు పూర్తిగా తీసి ఇంటివాళ్ల ఎదురుగానే ట్రేలో ఇవ్వండి, సగం గొడవ అక్కడే పోద్ది. కట్టెల మీద అయితే మూడు నాలుగు క్వింటాళ్ల కట్టె, ఇప్పుడున్న రేట్లకి లేనోళ్ల వల్ల కాదు, మిషన్ సరిగ్గా నడిస్తే వాళ్లే ముందొస్తారు. అన్నట్టు పేస్‌మేకర్ ఉంటే ముందే తీయించాలని బోర్డు రాయించండి, లోపల పేలుద్ది.

వార్డుకుర్రోడు:
చాలా థ్యాంక్స్ అండి, అన్నీ రాసిస్తా. పాత చిమ్నీనే కొత్తదానికి వాడేస్తే డబ్బులు మిగులుతాయని ఒకాయన అంటున్నాడు, కుదురుద్దా?

కొలిమిపని:
ముందు అడుగు భాగం చూపించండి, లోపల్నుంచి తుప్పు తిని పైకి రంగుతో బాగానే కనపడతాయి. టెండర్లలో మామూలుగా 30 మీటర్లది అడుగుతారు, మీది పొట్టిదైతే చుట్టుపక్కల ఇళ్లోళ్లు కంప్లైంట్ పెడతారు. చిమ్నీ రేకు మందం కొలిపించి రిపోర్ట్ తీసుకున్నాకే ఎస్టిమేట్ వేయమనండి.