సమస్య: "కల్లలాడువాఁడె ఘనుఁడు గదర"

పృచ్ఛకుడు: ఈ వారం ఆటవెలది, నాలుగో పాదం ఇచ్చాను. పై మూడు పాదాలూ మీరు పూరించాలి. విషయం పెద్ద అధికారి దగ్గర పీఏ కొలువు. పేషీ అయినా సరే, హైటెక్ సిటీ అద్దాల మేడ అయినా సరే. హరిశ్చంద్రుణ్ణి మాత్రం తేవద్దు. వారం వారం ఆయన్ని కాటికి పంపలేక చస్తున్నాం.

నల్లకుంట వాసి:

సారు కునుకుఁ దీయ "జరుగుచున్నది సభ"
యనుచు ఫోను పెట్టు నణకువగను
పేషిలోన నిట్లు పెద్దలఁ గాపాడ
కల్లలాడువాఁడె ఘనుఁడు గదర

పృచ్ఛకుడు: కునుక్కి "సభ" అని పేరు పెట్టారు, భేష్. పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ కలవాల్సిన జత, అదే యతి, సా-జ కుదిరింది. చిక్కల్లా మూడో పాదం చివర. "కాపాడ" ద్రుతాంతం, అంటే చివర కనబడని "న్" ఉన్న మాట. దాని తర్వాత "కల్లలాడు" కాస్తా "గల్లలాడు" అయి కూర్చుంటుంది. "పెద్దలఁ గాపాడు" అనండి. ద్రుతం గొడవ పోతుంది, "కాపాడు కల్లలు" అని అర్థమూ బిగుస్తుంది.

నల్లకుంట వాసి: ఒక్క కొమ్ముతో పని అయిపోయిందే! దిద్దుకున్నాను.

రాయదుర్గం రైలు: నమస్తే అండీ, కొత్తగా చేరాను. నానక్‌రామ్‌గూడలో ఒక పెద్ద మేనేజరుకి పీఏని. నాగోల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా వేళ్ల మీద గణాలు లెక్కపెడుతుంటే, పక్కనావిడ జపం అనుకుని చోటిచ్చింది.

ఇంట నున్న బాసు "నిపుడె లిఫ్టున నుండె"
ననుచుఁ జెప్పి చెప్పి యలసినాను
నిజముఁ జెప్ప నాకు బోనసే లేదయ్య
కల్లలాడువాఁడె ఘనుఁడు గదర

పృచ్ఛకుడు: రెండో పాదం చదివి నవ్వి ఊరుకోలేకపోయానమ్మా, జాలేసింది. మూడో పాదంలో యతి పోయింది. "ని"కీ "బో"కీ ఏ చుట్టరికమూ లేదు. బోనసు వదులుకోనంటే మొదటి మాట మార్చాలి. అవునూ, లిఫ్టే ఎందుకు?

రాయదుర్గం రైలు: మీటింగులో ఉన్నారంటే "ఎవరితో?" అంటారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉన్నారంటే "ఏ ఎగ్జిట్ దాటారు?" అంటారు. లిఫ్టులో సిగ్నల్ ఉండదని అందరికీ తెలుసు కదా, ఇంకేం అడగరు. నాలుగు నిమిషాలు చేతికొస్తాయి. ఆ నాలుగు నిమిషాల్లో సారుకి ఇంకో నంబరు నుంచి ఫోన్ చేసి లేపాలి. యతికి ఇది సరిపోతుందా?

బొంకకున్న నాకు బోనసే లేదయ్య

పృచ్ఛకుడు: బొం-బో! సరిపోవడమేంటి, మొదటిదానికన్నా ఇదే పద్యం. పాత పాదం కొట్టెయ్యండి.

పేషీ పాతకాపు: అమ్మాయి పద్యం బాగుంది గానీ, నాకో అభ్యంతరం ఉంది. నేను స్టెనోగా చేరి పేషీలోనే రిటైరైనవాణ్ణి. నిమిషానికి 100 మాటలు రాసిన చెయ్యి, ఇప్పుడు ఈ ఫోన్ మీద వణుకుతోంది. సెక్రటరీ అన్న మాట లాటిన్‌లో రహస్యం అన్న మాట నుంచి పుట్టింది. రహస్యం దాచడం మన పని, అబద్ధం ఆడడం కాదు.

ఒకాయన మహబూబ్‌నగర్ నుంచి మొదటి బస్సుకి వచ్చి, ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. లోపల దొరగారు ఉన్నారు. తలుపు కింద లైటు కనబడుతూనే ఉంది, ఆయన దాన్నే చూస్తున్నాడు. లేరని ఏ మొహంతో అంటాను? "ఉన్నారు, తీరిక లేదు. నాలుగింటికి రండి, అందాకా పబ్లిక్ గార్డెన్స్‌లో చెట్టు కింద కూర్చోండి" అన్నాను. నాలుగింటికి వచ్చాడు, పనీ అయింది. లేరని చెప్పి ఉంటే సాయంత్రం దాకా ఆ తలుపు కిందే చూసేవాడు.

వట్టి మాట లేల? "వారికిఁ దీరిక
లే"దటంచు నిజమె లెస్స పలుకు
మరచి యనకు మెపుడు మాయదారుల మాట
"కల్లలాడువాఁడె ఘనుఁడు గదర"

పృచ్ఛకుడు: సమస్యని ఎదుటివాడి నోట్లో పెట్టి "అనకు" అని తప్పుకోవడం అవధానాల్లో అరిగిపోయిన ఉపాయమే. మామూలుగా మార్కులు కోసేవాణ్ణి. కానీ "తీరిక లేదు"ని పాదం విరుపులో పెట్టి రెండు ముక్కలు చేశారు చూడండి, పేషీ గుమ్మం దగ్గర నసిగినట్టే ఉంది. కోయను.

నల్లకుంట వాసి: పాతకాపు గారూ, మీ దొర "తీరిక లేదు"కి ఒప్పుకున్నాడు. ఈ అమ్మాయి బాసు ఒప్పుకుంటాడా?

పేషీ పాతకాపు: ఒప్పుకోడు. అందుకే అమ్మాయి పద్యం తప్పనలేదు, అభ్యంతరం అన్నాను.

పృచ్ఛకుడు: నా వంతు. వామనుడు వచ్చినప్పుడు ఎక్కడెక్కడ బొంకవచ్చో బలికి గురువు శుక్రాచార్యుడు జాబితా చదివాడు కదా, అందులో పీఏ ఊసే లేదు.

బలికి గురువు చెప్పె బహుమినహాయింపు
లందుఁ బీయె మాట నరయలేదు
శుక్రుఁ డిపుడు పుట్టి చొప్పించునేమొకో
"కల్లలాడువాఁడె ఘనుఁడు గదర"

నల్లకుంట వాసి: ఆటవెలదిలో "మినహాయింపు"! పండితులెవరైనా చూస్తే?

పృచ్ఛకుడు: లిఫ్టులో ఉన్నానని చెప్పండి. వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలదే: "బాసు లేని నాఁడె పనులు పెరుగు".

రాయదుర్గం రైలు: ఇందులో సమస్య ఏముందండీ?